మొదటిసారి ఇంట్లో బీరు కాస్తున్నారా?
ఇది అమెరికాలో ఉన్నవాళ్లకే, అక్కడ 1978 చట్టం వచ్చాక సొంతానికి కాచుకోవచ్చు, మన దగ్గర లైసెన్సు లేకుండా కుదరదు. 5 గ్యాలన్లకి, అంటే 19 లీటర్లకి, 3 కిలోల మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్ (మొలకెత్తిన బార్లీ నుంచి తీసిన తియ్యటి పాకం లేదా పొడి) చాలు, గింజల జోలికి ఇప్పుడే వెళ్లొద్దు. నీళ్లలో కలిపి, హాప్స్ (బీరుకి చేదు, వాసన ఇచ్చే పూలు) వేసి గంటసేపు మరిగించండి. పాలకన్నా మోసంగా పొంగుతుంది, స్టవ్ దగ్గరే ఉండండి. గిన్నెని ఐసునీళ్లలో పెట్టి 20 డిగ్రీలకి దించాకే ఈస్ట్ (పులియబెట్టే సూక్ష్మజీవి) చల్లాలి, వేడిలో వేస్తే చచ్చిపోతుంది. చల్లారాక తగిలే ప్రతి గరిటె, గొట్టం, మూత శానిటైజర్‌లో ముంచాల్సిందే. మూతకి ఎయిర్‌లాక్ (లోపలి గ్యాస్‌ని బయటికి వదిలి, గాలిని లోపలికి రానివ్వని చిన్న గొట్టం) పెట్టి, పులియడానికి రెండు వారాలు చీకట్లో వదిలేయండి, తొంగిచూడకండి. సీసాల్లో నింపేముందు, గ్యాస్ పట్టడానికి, 110 గ్రాముల పంచదార నీళ్లలో మరిగించి కలపాలి, అంతకు మించొద్దు. నేను ఒకసారి చెయ్యి జారి ఎక్కువేస్తే అర్ధరాత్రి అల్మారాలో మూడు సీసాలు పేలాయి.