చట్టం మనమే చదువుకుందాం, 4వ పాఠం: పాత లైను దగ్గరే ఆగిపోతున్నారు

ఈసారి అబార్షన్ చట్టం మొదలుపెడదాం అనుకున్నా, కానీ పోయినసారి ఆడపిల్లల ఆస్తి వాటా మీద ఇచ్చిన ప్రశ్నకి వచ్చిన జవాబులు చూశాక దాన్ని కొంచెం వెనక్కి జరపక తప్పట్లేదు, దాదాపు అందరూ ఒకే చోట ఆగిపోయారు.

ప్రశ్న గుర్తుందిగా, 1983లో పెళ్ళయిన అక్క, శంకర్‌పల్లి దగ్గర తాతల నాటి పొలం, పంపకాలు ఇంతవరకు జరగలేదు, అక్కకి వాటా ఉందా? "లేదు, 1985 సెప్టెంబర్ 5కి ముందే పెళ్ళయిపోయింది" అని రాశారు. తేదీ కరెక్టే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1986లో హిందూ వారసత్వ చట్టంలో 29ఏ సెక్షన్ చేర్చి ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా పుట్టుకతోనే హక్కు ఇచ్చింది, ఆ తేదీ నుంచే అమలు. తమిళనాడు 1989లో, కర్ణాటక, మహారాష్ట్ర 1994లో మన వెనకే వచ్చాయి, ఇది మనం గర్వంగా చెప్పుకోవాల్సిన చట్టం. కానీ అప్పటికే పెళ్ళయిన ఆడపిల్లల్ని బయటే వదిలేసింది. మీరు అక్కడిదాకా చదివి పుస్తకం మూసేశారు. 2005 సెప్టెంబర్ 9న అదే చట్టానికి కేంద్ర సవరణ వచ్చింది, అది కూడా కూతురికి అదే హక్కు ఇచ్చింది, అందులో పెళ్ళయిందా లేదా అన్న షరతే లేదు. కాబట్టి అక్కకి వాటా ఉంది.



నాకు నిజంగా ఒళ్ళు మండే మాట ఇంకోటుంది, "నాన్న 2005 కంటే ముందే పోయారుగా, ఇంక ఆడపిల్లకి ఏం రాదు". ఇది గాల్లోంచి పుట్టింది కాదు. ప్రకాశ్ వర్సెస్ ఫూలవతి కేసులో 2015లో సుప్రీంకోర్టే 2005 సెప్టెంబర్ 9 నాటికి తండ్రి, కూతురు ఇద్దరూ బతికుండాలంది. తర్వాత 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో ముగ్గురు జడ్జిల బెంచ్ దాన్ని కొట్టేసింది, హక్కు పుట్టుకతో వచ్చింది కాబట్టి ఆ రోజుకి తండ్రి ఉండక్కర్లేదు అంది. అయినా ఇప్పటికీ పాత తీర్పే చెప్పి, పసుపు కుంకుమలు ఇచ్చాం కదమ్మా అని బుజ్జగించి హక్కు విడుదల పత్రం (నా వాటా వదులుకుంటున్నా అని రాసిచ్చేది) మీద సంతకం పెట్టించుకుంటున్నారు. ఒక్కటి మాత్రం చూస్కోండి, 2004 డిసెంబర్ 20కి ముందే రిజిస్టరైన పంపకమో కోర్టు ఫైనల్ డిక్రీయో (ఆస్తిని పంచి ముగించే చివరి ఉత్తర్వు) ఉంటే దాన్ని కదిలించలేం. ఫైనల్ కాకుండా ప్రిలిమినరీ డిక్రీ (ఎవరి వాటా ఎంతో చెప్పే తొలి ఉత్తర్వు) దగ్గరే ఆగితే? మన గండూరి కోటేశ్వరమ్మ కేసు అదే, 1999లో ప్రిలిమినరీ డిక్రీ, ఫైనల్ అవ్వకముందే 2005 చట్టం వచ్చింది, 2011లో సుప్రీంకోర్టు కూతుళ్ళ వైపే నిలబడింది.

అందుకే నేను ఏ చట్టం తీసినా ముందు చివరి సవరణ చూసి అక్కణ్ణుంచి వెనక్కి చదువుతా. మొదటి పేజీ నుంచి చదివితే పాతదే బుర్రలో కూర్చుంటుంది.

ఇప్పుడు అబార్షన్ చట్టం (మెడికల్ టెర్మినేషన్ ఆఫ్ ప్రెగ్నెన్సీ యాక్ట్) కూడా అలాగే వెనక్కి చదవండి. 1971 నాటి దాంట్లో గర్భనిరోధకం ఫెయిలైందన్న కారణం పెళ్ళైన స్త్రీకే పనికొచ్చేది, 2021 సవరణ దాన్ని ఏ స్త్రీ అయినా, ఆమె భాగస్వామి అయినా వాడిన గర్భనిరోధకం అని మార్చింది. ఇరవై వారాల దాకా ఒక డాక్టర్ అభిప్రాయం చాలు, రూల్స్‌లో చెప్పిన వర్గాలకి 24 వారాల దాకా ఇద్దరు డాక్టర్లు. ఆ వర్గాల్లో పెళ్ళికాని ఆడవాళ్ళు కూడా వస్తారని 2022 సెప్టెంబర్ 29న సుప్రీంకోర్టు చెప్పింది. ఇక సమ్మతి, 3వ సెక్షన్ 4వ సబ్‌సెక్షన్. పద్దెనిమిది నిండితే ఆమె సమ్మతి ఒక్కటే కావాలి, మైనర్‌కీ మానసిక అనారోగ్యం ఉన్నవాళ్ళకీ మాత్రమే గార్డియన్. భర్త సంతకం ఏ సెక్షనూ అడగదు. కౌంటర్ దగ్గర "మీ ఆయన్ని తీస్కురండి" అంటే ఆ సబ్‌సెక్షన్ నంబర్ చెప్పి, ఫారం సీ, అంటే ఆమె సమ్మతి పత్రం, ఇవ్వమని అడగండి.

ప్రాక్టీస్ ఈసారి బరువే, అయినా చేయండి. ఇండియా కోడ్ (చట్టాలు పెట్టే ప్రభుత్వ సైట్)లో అబార్షన్ చట్టం 5ఏ సెక్షన్ తీసి, అబార్షన్ చేయించుకున్న ఆమె పేరు బయటపెడితే శిక్ష ఎంతో, ఎవరికి చెప్పొచ్చో మీ మాటల్లో నాలుగు లైన్లు రాయండి. తర్వాత ఇంట్లో అమ్మ, పిన్ని, మేనత్తలు, అక్కలు, అందరి పెళ్ళి సంవత్సరాలు రాసుకొని ఒక్కొక్కరికీ 1986 చట్టం కింద ఒక జవాబు, 2005 కింద ఒక జవాబు పక్కపక్కన పెట్టండి. ఎవరైనా విడుదల పత్రం మీద సంతకం పెట్టి ఉంటే సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో సర్టిఫైడ్ కాపీ తీసుకొని తేదీ కూడా రాయండి, వచ్చే పాఠం ఆ పత్రాల మీదే.