ఎగుడుదిగుడు నేలపై బూమ్ లిఫ్ట్‌ను సురక్షితంగా నడపడం ఎలా?

బూమ్ లిఫ్ట్ అంటే చక్రాల మీద నడుస్తూ, బూమ్ అనే పొడవాటి చేయి కొనన ఉన్న బుట్టలో మనిషిని పైకి లేపే యంత్రం. బెంగళూరు శివార్లలో, ముఖ్యంగా హోస్కోటె, నెలమంగల వైపు గోడౌన్లు కట్టే సైట్లలో పనిచేసే మన తెలుగు ఆపరేటర్లకు జాయ్‌స్టిక్ మీద చేయి బాగానే తిరుగుతుంది గానీ, చక్రాల కింది నేలను పరీక్షించే వారు తక్కువ. కావలసినవి కొన్నే: ఫోమ్ నింపిన టైర్లున్న ఫోర్ వీల్ డ్రైవ్ బూమ్ లిఫ్ట్, ఒంటినిండా బిగించే హార్నెస్, పొట్టి లాన్యార్డ్ (హార్నెస్‌ను కొక్కేనికి కలిపే తాడు), గడ్డపార, రసమట్టం, మీటరు పొడవున్న తిన్నని చెక్క. సిజర్ లిఫ్ట్‌ను (కత్తెరలా మడిచే కాళ్లతో నిలువుగా లేచే వేదికను) ఇలాంటి నేల మీదికి తేకండి. దానిలో గరుకు నేలకని చేసిన రకాలు ఉన్నా నేను ఒప్పుకోను.

పొద్దున్నే టైర్లు, ఆయిల్ లీకులు, ఎమర్జెన్సీ స్టాప్ చూసుకోవాలి. లాన్యార్డ్‌ను బుట్టలోని కొక్కేనికే తగిలించాలి తప్ప ట్రస్‌కు (పైకప్పును మోసే ఇనుప చట్రానికి) కాదు. బుట్ట పక్కకు జరిగితే ట్రస్‌కు కట్టుకున్న మనిషి బయటికి లాగబడతాడు.

తరువాత యంత్రం వెళ్లే దారంతా నడిచి, గడ్డపారతో పొడిచి చూడాలి. ఎర్రమట్టి ఎండకు పైన గట్టిగా కనిపించినా, పైపుల కోసం తవ్వి పూడ్చిన చోట లోపల గుల్లగా ఉంటుంది. గడ్డపార చేతి బలానికే జానెడు దిగితే ఆ దారి వదిలేయండి. తెరిచి ఉన్న కందకం ఎంత లోతో, దాని అంచుకు కనీసం అంత దూరంలో ఉండాలి. సెంట్రింగ్ ప్లైవుడ్ పరిచి నడిపేయడం కొందరికి అలవాటు. బరువుకు ఆ ప్లైవుడ్ విరుగుతుంది, కింది గుంతను కూడా కనిపించనివ్వదు.

వాలు విషయంలో జరిగే పొరపాటు వేరు. 45 శాతం వాలు ఎక్కగలదని యంత్రంపై రాసి ఉంటే, అది బూమ్ ముడిచి ప్రయాణించేటప్పటి మాట. బూమ్ లేపి పనిచేయడానికి చాలా యంత్రాల హద్దు 5 డిగ్రీలు, కొన్నింటికి ఇంకా తక్కువ. 5 డిగ్రీలంటే మీటరుకు సుమారు 9 సెంటీమీటర్లు. చెక్కను నేలపై ఆనించి, రసమట్టం పెట్టి, పల్లపు కొనను సమానమయ్యే దాకా లేపి, కింద ఎంత ఎడం వచ్చిందో కొలవండి. ఫోన్ యాప్‌ను నేను నమ్మను. ఎడం 4 సెంటీమీటర్లు దాటితే నా సైట్లో బూమ్ లేవదు. గాలి గంటకు 45 కిలోమీటర్లు దాటినా లేపకూడదు. ఏప్రిల్, మే నెలల సాయంత్రపు ఈదురుగాలులు ముందుగా చెప్పి రావు.

అసలు కష్టం బుట్ట పైన ఉండగా టిల్ట్ అలారం (యంత్రం హద్దు మించి ఒరిగిందని చెప్పే హెచ్చరిక) మోగినప్పుడు వస్తుంది. అప్పుడు యంత్రాన్ని ముందుకూ వెనక్కూ నడపకూడదు, బూమ్‌ను పక్కకు తిప్పకూడదు. బుట్ట పల్లం వైపు ఉంటే ముందు బూమ్‌ను లోపలికి ముడిచి, ఆ తరువాతే దించాలి, ఎందుకంటే చాచిన బూమ్‌ను అలాగే దించితే బుట్ట పల్లం వైపే మరింత దూరం జరిగి, యంత్రం ఒరిగే దిక్కుకే బరువు చేరుతుంది. బుట్ట మెరక వైపు ఉంటే ముందు దించి, తరువాత ముడవాలి. ఎత్తులో ఉండగానే ముడిస్తే వెనుకనున్న కౌంటర్ వెయిట్ (బూమ్‌కు సరితూగేందుకు పెట్టిన బరువు) పల్లం వైపు లాగుతుంది. మీ యంత్రం మాన్యువల్ వేరే వరుస చెబితే అదే పాటించాలి. ఏది మెరకో, ఏది పల్లమో బుట్టలోంచి తెలియదు కనుక, ఎక్కక ముందే సున్నంతో నేలపై గుర్తు వేయండి.

అలారం వైరు పీకేసే వారితో ఆ రోజు పని చేయించకండి. కింద నిలబడే మనిషికి కింది ప్యానెల్ నుంచి బుట్టను దించడం తప్పక తెలిసి ఉండాలి. రోజూ పని మొదలయ్యే ముందు అతనిచేత ఒకసారి ఖాళీ బుట్టను దించించి చూడాలి.