ఫోన్‌లో పొలం – 4వ పాఠం: మోటర్ ఎన్ని గంటలు నడవాలి?

పోయిన పాఠంలో ఫోన్ పట్టుకుని పొలం చుట్టూ నడిచి విస్తీర్ణం కొలిచాం. పాస్‌బుక్‌లో ఉన్న అంకెకూ ఫోన్ చూపించిన అంకెకూ మీకు తేడా వచ్చి ఉంటుంది. కంగారు పడొద్దు. పాస్‌బుక్‌ లెక్కలో గట్లు, బాట, బాయి చుట్టూ ఉన్న జాగా అన్నీ కలిసి ఉంటాయి. ఫోన్ కూడా నాలుగైదు మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది కాబట్టి గట్టు లోపలి అంచు వెంట రెండుసార్లు నడిచి సగటు తీసుకోండి. ఇవాళ మనకు కావలసింది పంట నిలబడ్డ నేల ఒక్కటే. మేము ఎకరం అని పిలుచుకునే చెలక అలా కొలిస్తే 30 గుంటలే తేలింది. ఈ పాఠం ఆ 30 గుంటల యాసంగి మక్క మీద చెప్తాను.

తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు వస్తోంది. బిల్లు లేనప్పుడు గంటలు లెక్కపెట్టడం ఎందుకని మా ఇంట్లోనే అడిగారు. మోటర్ కాలితే వైండింగ్ ఖర్చు మనదే. నీళ్లు ఎక్కువై యూరియా వేళ్ల కిందికి దిగిపోతే మళ్లీ బస్తా కొనాల్సింది మనమే. వరంగల్ చుట్టుపక్కల కాలువ నీళ్లు అందని చెలకల్లో పక్కపక్క బోర్లు చాలాచోట్ల ఒకే నీటిని తోడుతుంటాయి. మార్చిలో నా బోరు ఊరికే పోసిన నీళ్లు ఏప్రిల్‌లో నాకూ ఉండవు, పక్కాయనకూ ఉండవు. నాకు అన్నిటికంటే పెద్ద నష్టంగా కనిపించేది ఇదే.

ముందుగా బోరు ఎంత పోస్తుందో తెలుసుకోవాలి. 200 లీటర్ల డ్రమ్ము డెలివరీ పైపు కింద పెట్టండి. ఫోన్‌లో గడియారం తెరిస్తే స్టాప్‌వాచ్ ఉంటుంది. ధార డ్రమ్ములో పడగానే నొక్కండి, అంచు దాకా నిండగానే ఆపండి. మోటర్ వేసిన వెంటనే కొలిస్తే మోసపోతాం, బోరులో రాత్రంతా ఊరిన నీళ్లు మొదట జోరుగా వస్తాయి. రెండు గంటలు నడిచాక కొలవండి. మూడుసార్లు కొలిచి సగటు తీయండి. మాకు 80 సెకన్లు వచ్చింది. 200ని 80తో భాగిస్తే సెకనుకు రెండున్నర లీటర్లు. గంటకు 3,600 సెకన్లు, అంటే 9,000 లీటర్లు. ఈ అంకె నెలకోసారి మారుతుంది, ఎండాకాలంలో ఇంకా త్వరగా పడిపోతుంది. తేదీతో సహా రాసి పెట్టండి.

ఇప్పుడు అసలు సూత్రం. వానను మిల్లీమీటర్లలో చెప్తారు కదా, బోరు నీటిని కూడా అదే కొలతలోకి మార్చుకుంటే రెండింటినీ కలిపి లెక్కపెట్టవచ్చు. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు నీళ్లు నిలిస్తే ఒక లీటరు. గుంట అంటే సుమారు 101 చదరపు మీటర్లు. కాబట్టి గుంటకు ఒక మిల్లీమీటరు అంటే వంద లీటర్లు, సగం డ్రమ్ము. ఇది కంఠతా పట్టేయండి, క్యాలిక్యులేటర్ లేకపోయినా గట్టు మీద నిలబడే లెక్క వేయవచ్చు.

జల్లు, పీచు వేసే దశలో మక్క రోజుకు దాదాపు 5 మిల్లీమీటర్లు తాగుతుంది. ఎర్ర చెలక ఎక్కువ నీటిని పట్టి ఉంచదు, అందుకే తక్కువ నీళ్లు త్వరత్వరగా ఇవ్వాలి. ఆరు రోజులకోసారి తడి పెడితే 30 మిల్లీమీటర్లు. 30 గుంటలు, 30 మిల్లీమీటర్లు, వంద లీటర్లు: మూడూ గుణిస్తే 90,000 లీటర్లు. మా బోరు గంటకు 9,000 పోస్తుంది కాబట్టి 10 గంటలు. మట్టి కాలువలో పారిస్తే దారిలో ఇంకిపోయేదానికి నాలుగో వంతు కలుపుకోండి, పన్నెండున్నర గంటలు. పైపు వేసుకుంటే ఆ రెండున్నర గంటలు మిగులుతాయి.

ఈ లెక్క రాకముందు మేము ఇదే చేనుకు ఒక పగలు, ఒక రాత్రి మోటర్ వదిలేసేవాళ్లం. 24 గంటలంటే 2,16,000 లీటర్లు, అంటే 72 మిల్లీమీటర్లు. పంటకు కావలసిన దానికి రెట్టింపు దాటింది. చేను పచ్చగానే ఉండేది కాబట్టి తప్పు జరుగుతోందని ఎవరికీ అనిపించలేదు. కాగితం మీద ఆ 72 చూసిన రోజు మా నాన్న చాలాసేపు మాట్లాడలేదు.

రేగడి నేల అయితే పద్ధతి వేరు. అది నీళ్లను పట్టి ఉంచుతుంది కాబట్టి 50 మిల్లీమీటర్లు ఇచ్చి పది రోజులు ఆగవచ్చు. ఏ నేలైనా తడి పెట్టే ముందు జానెడు లోతున మట్టి తీసి పిడికిట్లో నొక్కండి. ఉండ కట్టి నిలబడితే ఇంకో రోజు ఆగండి, పొడిగా రాలిపోతే ఆ రోజే పెట్టండి. ఫోన్ లెక్కకూ చేతికీ తేడా వస్తే నేను చేతినే నమ్ముతాను.

ఇక రాసి పెట్టుకోవడం. గూగుల్ షీట్స్‌లో కొత్త షీట్ తెరిచి ఐదు గడులు పెట్టండి: తేదీ, మోటర్ గంటలు, లీటర్లు, వాన, మొత్తం మిల్లీమీటర్లు. లీటర్ల గడిలో సమానం గుర్తు పెట్టి, గంటల గడిని తాకి, నక్షత్రం గుర్తు వేసి 9000 కొట్టండి. చివరి గడిలో లీటర్లను 3000తో భాగించి వాన కలపండి (30 గుంటలను వందతో గుణిస్తే 3000). ఇక్కడ ఒక్క పొరపాటు అందరూ చేస్తారు. రెండు గంటల ముప్పై నిమిషాలను 2.30 అని రాస్తారు. ఫోన్‌కు అది రెండు గంటల పద్దెనిమిది నిమిషాలే. 2.5 అని రాయాలి.

వానకు యంత్రం కొనక్కర్లేదు. అడుగు నుంచి మూతి దాకా నిటారుగా ఉండే డబ్బా ఒకటి చెట్లకు దూరంగా పెట్టండి. రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు స్కేలుతో లోతు కొలిచి పారబోయండి. ఆ లోతే వాన. మూడు మిల్లీమీటర్ల లోపు చినుకులను లెక్కలోకి తీసుకోవద్దు, ఆకుల మీదే ఆరిపోతాయి. 12 మిల్లీమీటర్లు పడితే తర్వాతి తడి రెండు రోజులు వెనక్కి జరపండి. ముందస్తు సమాచారానికి వాతావరణ శాఖ మేఘదూత్ యాప్ ఉంది, అందులో మంగళ, శుక్రవారాల్లో పంట సలహాలు వస్తాయి. అది మీ చేనుకు ప్రత్యేకంగా చెప్పే మాట కాదు, మీ ప్రాంతం మొత్తానికి చెప్పేది. అందుకే డబ్బా ఉండాల్సిందే.

మొబైల్ స్టార్టర్ గురించి చాలామందికి అనుమానం ఉంటుంది. ఆటో స్టార్టర్, మొబైల్ స్టార్టర్ ఒకటి కావు. ఆటో స్టార్టర్ కరెంటు రాగానే దానంతట అదే మోటర్ వేస్తుంది, మనం నిద్రలో ఉన్నా సరే. 24 గంటల కరెంటు మొదలైనప్పుడు వాటిని తీసేయమని ఊరూరా చెప్పింది అందుకే. మొబైల్ స్టార్టర్‌లో సిమ్ ఉంటుంది, మనం ఫోన్ చేస్తేనే కదులుతుంది, ఇన్ని గంటలకు ఆగిపోవాలని చెప్పి పెట్టవచ్చు. ఒక ఫేజు పోతే మెసేజ్ పంపే రకం దొరుకుతుంది, అది తీసుకోండి. చీకట్లో తడి కాళ్లతో స్టార్టర్ డబ్బా దగ్గరికి పోయే పని తప్పుతుంది. పాముల భయం, షాకు భయం తెలిసిన ఇంటికి ఇది చిన్న విషయం కాదు. బిగించేటప్పుడు ఎర్తింగ్ సరిగ్గా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోండి, డబ్బా మీరు విప్పొద్దు.

ఈ వారం పని: డ్రమ్ము మూడుసార్లు నింపండి, మీ బోరు గంటకు పోసే లీటర్లు షీట్ పైన రాయండి. పోయిన తడికి మోటర్ ఎన్ని గంటలు నడిచిందో ఇంట్లో అడిగి మిల్లీమీటర్లలోకి మార్చండి. వచ్చే పాఠంలో ఇదే షీట్ పక్కన యూరియా గడి పెడతాం. 45 కిలోల బస్తాలో 20 కిలోల పైచిలుకు నత్రజని ఉంటుంది, దాన్ని గుంటల లెక్కన ఎన్ని దఫాలుగా పంచాలో అక్కడ చూద్దాం. ఖాళీ బస్తాలు పారేయకండి, లెక్కకు కావాలి.