డక్‌వీడ్ జాతులను వేర్లను బట్టి గుర్తించండి

చెరువు నీటిపై పచ్చగా పరుచుకునే చిన్న మొక్కలన్నింటినీ చాలామంది నాచు అనే పిలుస్తారు గానీ, వాటిలో డక్‌వీడ్ రకాలు నిజానికి పూలు పూసే మొక్కలు. పైనుంచి చూస్తే అవన్నీ ఒకేలా కనిపిస్తాయి కాబట్టి, కొన్నింటిని నీళ్లున్న తెల్లని గిన్నెలో వేసి, ఒక్కొక్కదాన్ని తిరగేసి అడుగు భాగాన్ని భూతద్దంతో పరిశీలించాలి. ఆకులా కనిపించే ఒక్కో బిళ్లకు ఒకే వేరు ఉంటే అది లెమ్నా. సాధారణంగా 7 లేదా అంతకు మించిన వేర్లు గుంపుగా ఉండి, అడుగు ఎర్రని ఊదా రంగులో ఉంటే స్పైరోడెలా. అయితే రంగునొక్కదాన్నే నమ్మడం మంచిది కాదు, ఎందుకంటే తక్కువ వేర్లుండే లాండోల్టియాకు కూడా అడుగున ఆ రంగే కనిపించవచ్చు. అసలు వేర్లే లేకుండా, సుమారు 1 మిల్లీమీటరు పరిమాణంలో రవ్వలా తేలేది వుల్ఫియా. వరి రైతులకు పరిచయమైన అజొల్లా మాత్రం ఫెర్న్ జాతికి చెందినది; దాని పొలుసుల్లాంటి చిన్న ఆకులు ఒకదానిపై ఒకటి అమరి ఉంటాయి. వలతో తీసేటప్పుడు వేర్లు సులభంగా తెగిపోతాయి కనుక, ఒక్క మొక్కను చూసి నిర్ణయానికి రాకుండా కనీసం పది మొక్కలనైనా పరిశీలించండి.