కొత్త రహదారి పటంలోనే సైకిల్ దారికి చోటు కల్పించడం ఎలా

కొత్త రహదారి పక్కన సైకిల్ దారి నిజంగా రావాలంటే దాని వెడల్పు భూసేకరణ పటంలోనే కనిపించాలి. రోడ్డు పూర్తయ్యాక మిగిలిన అంచులో ఒక తెల్లగీత గీసి అదే సైకిల్ దారి అనిపించుకోవడం పరిపాటి అయింది గానీ, ఆ గీత మీద లారీలు ఆగుతాయి, ఇసుక పేరుకుంటుంది, సైకిలు మళ్లీ వాహనాల మధ్యకే వస్తుంది. కాబట్టి రహదారి ఏ మార్గంలో వెళ్లాలో (అలైన్‌మెంట్) ఖరారు కాకముందే, రహదారి ఏ ఊళ్లను, బడులను, పనిచోట్లను విడదీయబోతోందో గుర్తించి, జనం ఇప్పుడు సైకిళ్ల మీద ఏ దారుల్లో తిరుగుతున్నారో లెక్కించాలి. ఈ లెక్కలో ఒక చిక్కుంది. ప్రమాదం ఎక్కువున్న చోట సైకిళ్లు ఎలాగూ తక్కువే కనిపిస్తాయి కనుక, ఆ సంఖ్యను చూపి దారి అక్కర్లేదని తేల్చడం సరికాదు.

ఎదురెదురుగా రాకపోకలు సాగే దారికి సాధారణంగా 3 మీటర్ల వెడల్పు కావాలి. అంత ఉంటే ఊడ్చే చిన్న వాహనం కూడా పడుతుంది. రహదారి అంచుకూ దీనికీ మధ్య కనీసం 1.5 మీటర్ల ఎడం ఉంచాలి, అది కుదరనప్పుడు అదుపు తప్పిన వాహనాన్ని ఆపే గట్టి అడ్డుకంచె (క్రాష్ బ్యారియర్) పెట్టాలి. వేగం పెరిగేకొద్దీ ఎడమూ పెరగాలి, ఎందుకంటే భారీ లారీ దూసుకుపోయినప్పుడు వచ్చే గాలి విసురుకు సైకిలు పక్కకు ఊగిపోతుంది.

తర్వాత దిద్దుకోలేనిది వంతెన. అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో–ఓక్లాండ్ బే వంతెన తూర్పు భాగాన్ని కొత్తగా కట్టి 2013లో తెరిచినప్పుడు సైకిళ్లకూ పాదచారులకూ దారిని అందులోనే కలిపారు. 1936 నాటి పడమటి భాగానికి ఆ దారి లేదు. అందువల్ల ఓక్లాండ్ వైపు నుంచి బయలుదేరిన సైకిలు మధ్యలోని ద్వీపం దగ్గరే ఆగిపోవాలి. పాత వంతెనకు ఇప్పుడు దారి తగిలించాలంటే అదనపు బరువు, విపరీతమైన ఖర్చు రెండూ అడ్డొస్తాయి.

ప్రాణాలకు అసలు ముప్పు ర్యాంపుల దగ్గర, అంటే వాహనాలు రహదారిలోకి చేరే, దాని నుంచి విడిపోయే దారుల దగ్గర ఉంటుంది. రహదారి నుంచి ఏటవాలుగా విడిపోయే వాహనం వేగం తగ్గించకుండానే మలుపు తీసుకుంటుంది, సైకిలు తొక్కేవారేమో వెనక్కి తల తిప్పి చూస్తే తప్ప దాన్ని గమనించలేరు. అందుకే సైకిల్ దారిని ర్యాంపుకు లంబంగా, వాహనాల వేగం బాగా తగ్గే చోట దాటించాలి. రద్దీ ఎక్కువైతే రోడ్డు కింద నుంచి వెళ్లే దారి (అండర్‌పాస్) మేలు. పైవంతెన కింద లారీలు పట్టాలంటే 5 మీటర్లకు పైగా ఎత్తు కావాలి, సైకిలుకు నెత్తి మీద 2.5 మీటర్లు చాలు, కనుక ఎక్కడం తగ్గుతుంది. పైగా దిగేటప్పుడు వచ్చిన ఊపే మళ్లీ ఎక్కడానికి తోడవుతుంది. అయితే నీరు నిలవకుండా, ఈ చివర నుంచి చూస్తే ఆ చివర కనిపించేలా కట్టకపోతే అందులోకి ఎవరూ దిగరు.

చిన్నవిగా కనిపించేవి టెండరులో స్పష్టంగా రాయకపోతే పనిలో జారిపోతాయి. మురుగు కాలువ మీది ఇనుప జాలీ కమ్మీలు సైకిలు నడిచే దిశలోనే ఉంటే ముందు చక్రం వాటి మధ్య ఇరుక్కుని మనిషి బోర్లా పడతాడు, అందుకే కమ్మీలు అడ్డంగా ఉండాలని పటంలోనే చూపాలి. ఉపరితలాన్ని యంత్రంతో పరిచిన తారుతో వేయించడం మంచిది, పేవర్ బ్లాకులు కొన్నాళ్లకు ఎగుడుదిగుడవుతాయి.

నిధుల మాటకొస్తే, అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రం 1971లోనే చట్టం చేసింది. రోడ్డు కొత్తగా కట్టినా, తిరిగి కట్టినా కొన్ని మినహాయింపులు పోను నడకకూ సైకిలుకూ దారి ఉండాలి, రహదారి నిధుల్లో కనీసం 1 శాతం వాటికి ఖర్చు చేయాలి. ఇలాంటి నిబంధన లేని చోట సైకిల్ దారిని అంచనాలో విడి పద్దుగా చూపించకూడదు, ఖర్చు తగ్గించాల్సి వస్తే మొదట కొట్టేసేది దాన్నే. మట్టిపని, కాలువలు, వంతెన పనుల పద్దుల్లోనే దాన్ని కలిపేయాలి. నిర్వహణ కాలంలో ఊడ్పు, దీపాల మరమ్మతు ఎవరి బాధ్యతో ఒప్పందంలో రాయాలి, తుది బిల్లు చెల్లించే ముందు తనిఖీ ఇంజనీరు ఆ దారి పొడవునా సైకిలు తొక్కి చూడాలనే షరతునూ చేర్చాలి.