అప్‌లోడ్ చేశాక పాట సౌండ్ తగ్గిందా? మాస్టర్ లౌడ్‌నెస్: సమస్యలు, పరిష్కారాలు

లిమిటర్ (పీక్‌లు, అంటే సౌండ్ శిఖరాలు, హద్దు దాటకుండా నొక్కే ప్లగిన్) మీద ఇంకో రెండు డీబీ (డెసిబెల్) పెంచే ముందు, బౌన్స్ చేసిన, అంటే సెషన్ నుంచి బయటికి తీసిన వేవ్ ఫైల్‌ను ఒక్కసారి కొలవండి. సెషన్‌లో ప్లే అవుతున్న మిక్స్‌ను కాదు, పాటను యాప్‌లకు చేర్చే డిస్ట్రిబ్యూటర్‌కు పంపబోయే ఆ ఫైల్‌నే. లౌడ్‌నెస్ కుదరలేదని వచ్చే పాటల్లో చాలావాటికి జబ్బు ఇక్కడే తేలిపోతుంది. అయినా అందరూ దాటవేసేది ఈ పనే.

ఖాళీ ప్రాజెక్టు తెరిచి, ఫైల్‌ను ఒక ట్రాక్‌లో వేసి, మాస్టర్ (ట్రాకులన్నీ కలిసే చివరి చానల్) మీద లౌడ్‌నెస్ మీటర్ తప్ప ఏమీ పెట్టకండి. యూలీన్ అనే మీటర్ ఉచిత వెర్షన్ సరిపోతుంది. రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లకు రెండర్ విండోలోని డ్రై రన్ (ఫైల్ రాయకుండా కొలిచి చూపేది) చాలు. మీటర్ రీసెట్ చేసి, పాటను మొదటి నుంచి చివరిదాకా ఆపకుండా ప్లే చేయండి. ఇంటిగ్రేటెడ్ లఫ్స్ (LUFS, పాట మొత్తం చెవికి ఎంత లౌడ్‌గా ఉందో చెప్పే అంకె, సున్నాకు దగ్గరైన కొద్దీ లౌడ్), ట్రూ పీక్ మాక్సిమమ్ (శాంపుల్స్ మధ్య కూడా లెక్కించిన అత్యధిక పీక్) రెండూ రాసుకోండి.

రీసెట్ అని నొక్కి చెప్పడానికి కారణం ఉంది. ఇంటిగ్రేటెడ్ అంకె చివరి రీసెట్ నుంచి విన్నదంతా కలిపి తీసిన సగటు. పల్లవిని పదిసార్లు లూప్‌లో తిప్పి పనిచేస్తే మీకు కనిపించేది పల్లవి లౌడ్‌నెస్, పాటది కాదు. ఇంకో పొరపాటు, మాస్టర్ మీద హెడ్‌ఫోన్ కరెక్షన్ ప్లగిన్ (హెడ్‌ఫోన్ లోపాలను సరిచేసేది) ఆన్‌లోనే ఉంచి బౌన్స్ చేయడం. ఆ ప్లగిన్లు క్లిప్ కాకుండా (హద్దు దాటి చిట్లకుండా) ఉండటానికి సౌండ్‌ను కొన్ని డీబీలు తగ్గిస్తాయి, పైగా ఈక్యూ (ఫ్రీక్వెన్సీల పాళ్లు) కూడా మార్చేస్తాయి. అలా బయటికి వచ్చిన ఫైల్‌కు ఏ లిమిటరూ మందు కాదు.

పక్క పాటకంటే చిన్నగా వినిపిస్తోంది

ముందు రెండు పాటలూ ఒకే యాప్‌లో, ఒకే ఫోన్‌లో, నార్మలైజేషన్ (పాటలన్నిటినీ ఒకే సౌండ్ స్థాయికి తెచ్చే సెట్టింగ్) ఆన్‌లో ఉంచి వినండి. ఒకటి యూట్యూబ్‌లో, ఇంకోటి డ్రైవ్‌లోని ఫైల్‌లో విని పోల్చితే ఆ పోలికకు అర్థం లేదు.

స్పాటిఫై మామూలు సెట్టింగ్‌లో పాటలను -14 లఫ్స్ దగ్గరకు తెస్తుంది. ఆపిల్ మ్యూజిక్‌లో సౌండ్ చెక్ ఆన్‌లో ఉంటే -16. యూట్యూబ్ -14 కంటే పైన ఉన్నవాటిని దించుతుంది, కింద ఉన్నవాటిని పెంచదు. స్పాటిఫై పెంచుతుంది కానీ పీక్ -1 డీబీ చేరేవరకే. మీ పాట -19 లఫ్స్, ట్రూ పీక్ -3 అనుకోండి. రెండే డీబీ లేస్తుంది, -17 దగ్గర ఆగిపోతుంది. పక్క పాట -8 నుంచి దిగి -14 దగ్గర ఉంటుంది. మీకు వినిపిస్తున్న తేడా ఆ మూడు డీబీలే.

యూట్యూబ్‌లో అయితే ఊహించక్కర్లేదు. వీడియోలో స్టాట్స్ ఫర్ నర్డ్స్ తెరిస్తే కంటెంట్ లౌడ్‌నెస్ అని ఉంటుంది. అక్కడ 5 డీబీ అని ఉంటే పాటను ఐదు డీబీలు దించారు, అంటే మీరు పంపిన మాస్టర్ సుమారు -9 లఫ్స్. మైనస్ అంకె కనిపిస్తే అంత మేర పాట తక్కువలో ఉంది, అలాగే ఉండిపోతుంది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. -14 లక్ష్యం కాదు. అది వాళ్లు ప్లే చేసే స్థాయి, మీరు మాస్టర్ చేయాల్సిన స్థాయి కాదు. దప్పులు, కిక్ నిండిన మాస్ బీట్ -9 దగ్గర బాగుంటే -9 పంపండి, దించడం అంటే ఉత్త వాల్యూమ్ తగ్గించడమే. వేణువు, తంబూరా మాత్రమే ఉన్న కీర్తన -17 దగ్గర హాయిగా ఉంటే పీక్‌లను కాస్త అదుపు చేసి -16, -15 వరకు తెచ్చి వదిలేయండి. దాన్ని -14కి నెట్టడానికి గమకాలను నలిపేయడం అన్యాయం.

లిమిటర్ అయిదారు డీబీలు నొక్కుతోంది, అయినా లఫ్స్ ఎక్కడం లేదు, గొంతు ఊగుతోంది

ఇదే అసలైన దొంగ. మిక్స్ చెవికి బాగానే ఉంటుంది. బేస్ ఎక్కువైనట్టు కూడా అనిపించదు. కానీ లిమిటర్ సూది దడదడలాడుతుంటుంది, అంకె -15, -14.5 దగ్గర మొండికేస్తుంది, ఇంకా నెడితే గొంతు మీద బరకదనం వస్తుంది. చాలామంది ఇక్కడ లిమిటర్ మారుస్తారు, ఇంకోటి కొంటారు. తప్పు లిమిటర్‌ది కాదు. 40 హెర్ట్జ్ కింద వినపడని శక్తి పేరుకుని ఉంది.

లఫ్స్ కొలత మన చెవిలా వినడానికి ముందు ఒక ఫిల్టర్ వేస్తుంది, దాన్ని కె-వెయిటింగ్ అంటారు. అది అడుగు ఫ్రీక్వెన్సీలను తగ్గించి లెక్కిస్తుంది: 30 హెర్ట్జ్ దగ్గర సుమారు 9 డీబీ, 20 హెర్ట్జ్ దగ్గర సుమారు 14 డీబీ తక్కువగా. లిమిటర్‌కు అలాంటి దయ లేదు. దానికి పీక్ అంటే పీకే. కాబట్టి 25 హెర్ట్జ్ రంబుల్ (గుడగుడమనే అడుగు మోత) లఫ్స్‌కు దాదాపు ఏమీ చేర్చదు, హెడ్‌రూమ్‌ను (క్లిప్ అయ్యేలోపు మిగిలిన చోటును) మాత్రం తినేస్తుంది. -12 డీబీ పీక్ ఉన్న రంబుల్ మొత్తం ఎత్తులో నాలుగో వంతు. మిగిలింది ముప్పావు, అంటే పాటకు రెండున్నర డీబీ నష్టం. అదే రంబుల్ -6 దగ్గర ఉంటే ఆరు డీబీలు పోయినట్టే.

గొంతు ఊగడానికీ కారణం ఇదే. 25 హెర్ట్జ్ తరంగం ఒక చుట్టు తిరగడానికి 40 మిల్లీసెకన్లు పడుతుంది. లిమిటర్ రిలీజ్ (నొక్కడం వదలడానికి పట్టే సమయం) 10, 20 మిల్లీసెకన్లలో ఉంటే ప్రతి చుట్టులోనూ గెయిన్ దిగి లేస్తుంది. ఆ కదలిక అంతా గొంతు మీద అచ్చు పడుతుంది.

దీన్ని చెవితో పట్టుకోలేరు. అయిదంగుళాల మానిటర్లు ఆ అడుగుకు దిగవు. మీటరుతో పట్టుకోవాలి. లిమిటర్‌కు ముందు ఈక్యూలో 40 హెర్ట్జ్ దగ్గర నిటారైన లో-పాస్ (ఆ హద్దు కింద ఉన్నవాటినే పోనిచ్చే ఫిల్టర్) పెట్టి, పాటలో కిక్, బేస్ లేని చోట, ఉదాహరణకు ఆలాపన మొదట్లోనో చరణానికి ముందు గ్యాప్‌లోనో పీక్ మీటర్ చూడండి. -40 కంటే కింద ఉంటే వదిలేయండి. -20 దగ్గర కదులుతుంటే దొరికినట్టే. ఎనలైజర్ (ఫ్రీక్వెన్సీలను గ్రాఫ్‌గా చూపేది) వాడితే దాని సెట్టింగ్‌లోని ఎఫ్‌ఎఫ్‌టీ సైజ్ 8192 లేదా అంతకంటే ఎక్కువ పెట్టండి, చిన్న సైజులో అడుగు భాగం అంతా ఒకే ముద్దగా కనిపిస్తుంది. తర్వాత ట్రాకులను ఒక్కొక్కటిగా మ్యూట్ చేస్తూ పోతే దొంగ బయటపడుతుంది.

ఎక్కువసార్లు దొరికేవి ఇవి. ఇంట్లో ఏసీ, ఫ్యాన్, బోరు మోటారు నడుస్తుండగా పాడిన గొంతు. ప, ఫ, భ అక్షరాల దగ్గర మైకుకు తగిలిన గాలి. స్టాండు కాలికి తగిలిన చప్పుడు. ఇవన్నీ కంప్రెసర్ దాటాక ఇంకా పెద్దవవుతాయి, ఎందుకంటే పాడని చోట మేకప్ గెయిన్ (కంప్రెసర్ తగ్గించాక సౌండ్‌ను తిరిగి పెంచేది) ఎత్తేది గది చప్పుడునే. కోరస్ కోసం ఒకే గదిలో పదహారు ట్రాకులు పాడించారా? ట్రాకులు రెట్టింపైనప్పుడల్లా గది చప్పుడు 3 డీబీ పెరుగుతుంది, పదహారుకు 12 డీబీ. రివర్బ్ రిటర్న్‌లోనూ (రివర్బ్ మోత మిక్స్‌లోకి వచ్చే చానల్‌లోనూ) ఇది దాక్కుంటుంది. మర్చిపోకుండా చూడండి.

మందు మాస్టర్ మీద కాదు, ట్రాకుల మీద వేయాలి. మగ గొంతుకు 80, ఆడ గొంతుకు 100 హెర్ట్జ్ దగ్గర హై-పాస్ (ఆ హద్దు కింద ఉన్నవాటిని కోసే ఫిల్టర్), ఆక్టేవ్‌కు 12 డీబీ వాలు. వయొలిన్, వేణువులకు 100 కింద సంగీతం ఏమీ ఉండదు, ధైర్యంగా కోయండి. తబలా డగ్గా, మృదంగం తొప్పి మీద మాత్రం చేయి తేలికగా ఉండాలి: 35 దాటొద్దు, లేకపోతే గుమ్మనే గుండె పోతుంది. రివర్బ్‌లోకి వెళ్లేముందు 150 దాకా కోసినా నష్టం లేదు. 808 బేస్ (డ్రమ్ మెషీన్ తరహా లోతైన ఎలక్ట్రానిక్ బేస్) అయితే స్వరం చూసుకోండి. అడుగున సీ స్వరం 32.7 హెర్ట్జ్, దాన్ని కోస్తే పాటే పోతుంది. అలాంటి బేస్‌కు కొంచెం శాచురేషన్ (మెత్తటి డిస్టార్షన్) ఇస్తే పై హార్మోనిక్స్ పుడతాయి, ఫోన్ స్పీకర్‌లోనూ వినిపిస్తుంది, లఫ్స్‌లోనూ లెక్కకు వస్తుంది.

ఇంతా చేశాక మాస్టర్ మీద 25 హెర్ట్జ్ దగ్గర మెత్తటి హై-పాస్ ఒకటి చాలు. 48 డీబీ నిటారు వాలు పెట్టకండి. కట్ దగ్గర ఫేజ్ తిరిగి పీక్ తగ్గడానికి బదులు పెరిగే ప్రమాదం ఉంది. ఫిల్టర్ వేసి, తీసి, లిమిటర్ ఎంత నొక్కుతోందో చూడండి. తేడా లేకపోతే కారణం వేరే ఉంది, ఫిల్టర్ తీసేయండి.

అప్‌లోడ్ చేశాక స, ష, చ దగ్గర చిటపట

ఎంపీ3, ఏఏసీ, ఆగ్ వోర్బిస్‌లోకి మారేటప్పుడు పీక్‌లు పెరుగుతాయి. లిమిటర్ సీలింగ్ -0.1 దగ్గర ఉంటే అవి సున్నా దాటుతాయి. ట్రూ పీక్ మోడ్ ఆన్ చేసి సీలింగ్ -1 పెట్టండి. మాస్టర్ -14 కంటే లౌడ్‌గా ఉంటే స్పాటిఫై అడిగేది -2. నమ్మకం కుదరకపోతే ఫైల్‌ను మీరే ఆగ్‌గా మార్చి, మళ్లీ ప్రాజెక్టులో వేసి ట్రూ పీక్ చూడండి. ముందు ఒరిజినల్‌లో డీ-ఎస్సర్ (స, ష అక్షరాల కరుకుదనాన్ని తగ్గించే ప్లగిన్) సరిగా ఉందో లేదో కూడా వినండి, చాలాసార్లు సగం తప్పు అక్కడే ఉంటుంది.

నా దగ్గర -17 చూపింది, వాళ్ల దగ్గర -14

ఫైల్ మోనోలో కొలిచారు. అదే శబ్దాన్ని రెండు చానళ్లలో వేస్తే మీటర్ 3 ఎక్కువ చూపుతుంది, ఎందుకంటే అది రెండు చానళ్ల శక్తిని కలుపుతుంది. ప్రవచనాలు, హరికథలు మోనోలో బౌన్స్ చేసేవాళ్లకు ఇది తరచూ ఎదురవుతుంది. స్టీరియోగా బౌన్స్ చేసి కొలవండి.

ఆల్బమ్‌లో మెత్తటి పాట, ప్లేలిస్ట్‌లో పెద్దదైపోయింది

ఆల్బమ్‌గా వింటే స్పాటిఫై మొత్తానికీ ఒకే గెయిన్ ఇస్తుంది, పాటల మధ్య తేడా అలాగే ఉంటుంది. షఫుల్‌లో, ప్లేలిస్ట్‌లో పాట పాటకూ విడిగా లెక్క. ఇందులో సరిచేయాల్సింది ఏమీ లేదు.

చివర్లో పదిహేను సెకన్ల నిశ్శబ్దం ఉంటే లఫ్స్ పడిపోతుందని భయపడేవాళ్లున్నారు. పడదు. -70 కంటే కింద ఉన్నదాన్ని, సగటు కంటే 10 తక్కువున్నదాన్ని మీటరే లెక్కలోంచి తీసేస్తుంది. డీసీ ఆఫ్‌సెట్ ఈ రోజుల్లో అరుదు, వేవ్‌ఫామ్ మధ్యగీత పైకో కిందకో జరిగి ఉంటే తప్ప పట్టించుకోకండి. శాంపుల్ రేట్ 44.1 అయినా 48 అయినా లౌడ్‌నెస్ మారదు. డిస్ట్రిబ్యూటర్ వేవ్ తీసుకుంటుంటే ఎంపీ3 ఇవ్వకండి, 24 బిట్ వేవ్ ఇవ్వండి. కొలిచిన ఫైల్, పంపిన ఫైల్ ఒకటేనా అని పేరు, తేదీ చూసి మరీ పంపండి.