నాణెం అంచు మీద వింత గుర్తులు: ముందు పక్కకు తిప్పి చూడండి

"అన్నా, పాత వెండి రూపాయి అంచు మీద ఏదో గుర్తుంది, రేర్ ఎర్రరేనా?" అని, అంటే టంకశాల పొరపాటున తప్పుగా అచ్చుపడిన అరుదైన నాణెమా అని, వారానికి ఒకరైనా అడుగుతారు. ఫొటోలు మాత్రం రెండే పంపుతారు, బొమ్మ ఒకటి, బొరుసు ఒకటి. గుర్తు అంచు మీదుంటే అంచు ఫొటో ఏది? నాణేనికి మూడో వైపు కూడా ఉంది. అది చూడకుండా నేనేం చెప్పినా జోస్యమే.

రూపాయిని మెత్తటి బట్ట మీద నిలబెట్టి, టేబుల్ లైటు కింద మెల్లగా దొర్లించండి. అంచు చుట్టూ ఉండే సన్నని నిలువు గీతలే పళ్ళు, వాటి మీద వెలుగు చుట్టూ ఒకే తీరుగా సాగాలి. ఎక్కడైనా తడబడితే అక్కడ ఆపండి. ఆ పళ్ళు ఎవరూ ఒక్కొక్కటిగా కోసినవి కావు. అచ్చు పడే క్షణంలో బిళ్ళ చుట్టూ కాలర్ అనే ఉక్కు పట్టీ ఉంటుంది, వెండి దాని గాళ్ళలోకి ఒత్తుకుపోయి పళ్ళు ఒక్కసారే పడతాయి. అందుకే వాటి మధ్య ఎడం అంతటా ఒకటే.

ఇంకోమాట, టంకశాల గుర్తు కోసం అంచు మీద వెతక్కండి. ఇప్పటి నాణేల మీద అది సంవత్సరం కిందే ఉంటుంది. నక్షత్రం హైదరాబాద్, డైమండ్ ముంబై, చుక్క నోయిడా, ఏమీ లేకపోతే కోల్‌కతా.

అంచు మధ్యలో చుట్టూ గీత ఉంది

ముందు సంవత్సరం చూడండి. 1940 నుంచి 1945 వరకు వచ్చిన ఆరో జార్జి రూపాయిల్లో వెండి 50 శాతమే. వాటికి దొంగనాణేలు రాకుండా పళ్ళ మధ్యలో ఒక గాడి, అందులో చిన్న నగిషీ పెట్టారు. 1947 నికెల్ రూపాయికీ అంతే. అది దోషం కాదు, టెన్షన్ వద్దు. అదే గీత విక్టోరియా రూపాయి మీద కనిపిస్తే, అది పోతపోసిన నకిలీకి రెండు అచ్చులు కలిసిన అతుకు కావచ్చు. కొనకండి.

ఒక్కచోటే పళ్ళు చెరిగిపోయాయి

నన్ను ముంచింది ఇదే. ఐదో జార్జి 1911 రూపాయి. రాజు దుస్తుల మీది ఏనుగు పందిలా ఉందని గొడవై, 1912లో ఆ బొమ్మ మార్చారు. పంది రూపాయి అని దానికి గిరాకీ. ఒక దుకాణంలో కనబడింది. కాటా మీద పెట్టి చూశాను. ఈ రూపాయిల అసలు తూకం 11.66 గ్రాములు, అంటే సరిగ్గా తులం. ఇది 11.6 చూపించింది. ఇంకేం కావాలనుకుని నాలుగు వేలు ఇచ్చి తెచ్చుకున్నాను. ఇంటికొచ్చి దొర్లిస్తే, రాజు కిరీటానికి సరిగ్గా పైన మూడు మిల్లీమీటర్ల మేర పళ్ళు లేవు. అక్కడ వెండి కాస్త పసుపుగా, తేనె అంటినట్టు ఉంది.

అది టంకం, లోహాన్ని అతికించడానికి కరిగించి పోసేది. ఆ రూపాయి ఒకప్పుడు ఎవరి మెడలోనో ఉంది. మన దగ్గర రూపాయిలకు రింగు అతికించి దండ కట్టుకోవడం ఎంత మామూలో చెప్పనక్కర్లేదు, లంబాడీ ఆడవాళ్ళ నగల్లో ఇప్పటికీ చూస్తాం. తర్వాత ఎవరో రింగు పీకేసి, ఆ చోటును ఆకురాయితో సాఫు చేసి నాణెంగా అమ్మేశారు. ఆకురాయి తీసుకుపోయిన వెండి బరువును మిగిలిన టంకం పూడ్చేస్తుంది. అందుకే తూకం సరిపోయిందన్న ధైర్యం పనికిరాదు.

ముదుర్లు ఇంకో అడుగు ముందుకేసి, సన్న ఆకురాయితో పళ్ళు మళ్ళీ కోయిస్తారు. చేత్తో కోసిన పళ్ళు ఏదో ఒకవైపు వాలతాయి, ఎడం కుదరదు. అదే రాజు కాలం నాటి మామూలు రూపాయి ఒకటి పక్కన పెట్టి, రెండు అంచులనూ ఫోన్లో దగ్గరగా ఫొటో తీసి, పళ్ళు లెక్కపెట్టండి. సాధారణంగా రింగు రాజు తల నిటారుగా వేలాడేలా పైనే పెడతారు కాబట్టి, ముందు అక్కడే చూడండి. ఆ పక్కనే గట్టు, అంటే బొమ్మ చుట్టూ అంచున ఎత్తుగా ఉండే వరుస, పల్చబడి ఉంటే ఇక అనుమానం అక్కర్లేదు.

దీనికి మందు లేదు. మిగిలిన టంకాన్ని గీకితే నాణెం ఇంకా పాడవుతుంది. వెండి ధరకైతే ఉంచుకోండి, అమ్మేటప్పుడు రింగు తీసిన నాణెమని చెప్పి అమ్మండి. నాది నేనలాగే వదిలించుకున్నాను. అన్నట్టు, ఆ మచ్చ ఒక్కోసారి లక్కో, జిగురో అయి ఉంటుంది. అసిటోన్‌లో కాసేపు నానబెడితే మెత్తబడుతుంది, చెక్క టూత్‌పిక్‌తో తేలిగ్గా నెట్టేయండి. అంతేగానీ చింతపండు, విభూతి పెట్టి తోమకండి. వెండి కంచం తోమినట్టు నాణెం తోమితే ఉన్న విలువ కూడా పోతుంది.

సమానమైన ఎడంతో మూడు నాలుగు నొక్కులు

లాకెట్లో బిగించిన కొక్కేల గుర్తులు. ఇదీ నగ బాపతే.

మిగతావి

మొగలు కాలపు రూపాయి అంచు మీద ఉలి గాటు ఉంటే, నాణేలు పరీక్షించే షరాబు లోపల వెండా రాగా అని చూసుకున్న గుర్తు. దాంతో పెద్దగా నష్టం లేదు. కొత్త నాణేనికి అంచున చంద్రవంకలా ముక్క లేకపోతే, సరిగ్గా ఎదుటి వైపు గట్టు చూడండి. అక్కడ గట్టు నీరసంగా పడి ఉంటే టంకశాల పొరపాటు అయ్యే అవకాశం గట్టిగా ఉంది. గట్టు నిండుగా ఉంటే ఎవరో కోసి ఉండొచ్చు. పళ్ళు చుట్టూ అసలే లేకుండా నాణెం మామూలు కంటే వెడల్పుగా ఉంటే, కాలర్ లేకుండా అచ్చు పడిందన్నమాట. అలాంటిది దొరికితే మాత్రం నాకు ఫొటోలు పంపండి, మూడూ.